నీరా? నెత్తురా?

కనిగిరి అనగానే చరిత్ర చదివినవాళ్ళకు కొండమీది దుర్గం జ్ఞాపకం వస్తుంది. వైద్యం చదివినవాళ్ళకు అక్కడి బావుల నీళ్ళు జ్ఞాపకం వస్తాయి. ఆ మెట్టనేలలో పుట్టి పెరిగిన మాబోటివాళ్ళకు మాత్రం మనుషుల నడక జ్ఞాపకం వస్తుంది. మెడ తిప్పలేక మనిషంతా తిరిగి పలకరించే పెద్దవాళ్ళు, అరుగుమీదినుంచి లేవాలంటే గోడ పట్టుకోవలసిన నలభై ఏళ్ళవాళ్ళు, నవ్వితే పళ్ళమీద గోధుమరంగు చారలు కనిపించే పిల్లలు మాకు వింత కాదు. చిన్నప్పుడు నేను ముసలితనం అంటే అదే కాబోలు అనుకొనేవాణ్ణి. పై చదువుకు ఊరు దాటి వచ్చాకగదా, అరవై ఏళ్ళు దాటినా నిటారుగా నడిచే మనుషులు లోకంలో బోలెడుమంది ఉన్నారని తెలిసింది!

మన కళాశాలలో జంతుశాస్త్రం చదువుకొనే రోజుల్లో జన్యుశాస్త్రం పాఠం విన్నప్పుడల్లా నా మనస్సు మా ఊరికి పోయేది. ఎముక వంకరపోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి బయటినుంచి వచ్చేది. అది తాగే నీరు, తినే తిండి. రెండోది లోపలినుంచి వచ్చేది. అది తల్లిదండ్రులిచ్చిన జన్యువు. మనవాళ్ళు మామూలు మాటల్లో ఈ రెంటినీ నీళ్ళ దోషం, నెత్తుటి దోషం అంటారు. చిక్కంతా ఎక్కడంటే, పైకి చూస్తే రెండూ ఒకేలాగా కనిపిస్తాయి. అందుచేత నీళ్ళ జబ్బును వంశానికీ, వంశంలో వచ్చిన జబ్బును నీళ్ళకూ అంటగట్టడం మనకు అలవాటైపోయింది. ఈ తారుమారు వల్ల పిల్లల వైద్యం పాడవుతుంది, పెళ్ళిళ్ళు చెడతాయి. ఆ సంగతే నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ముందు నీళ్ళ కథ. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన దేశంలో మనుషుల ఎముకల ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట శాస్త్రీయంగా వర్ణించింది ఆ పాత నెల్లూరు జిల్లాలోనే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు 1937లో దీన్ని ప్రచురించారు. అంతకుముందే రైతులు తమ ఎద్దులు కాళ్ళు పట్టేసి దుక్కికి పనికిరాకుండా పోవడం గమనించారని చెబుతారు. కాబట్టి ఈ జబ్బును మొదట కనిపెట్టిన ఘనత మన రైతుకూ దక్కాలి.

కారణం మట్టిలోనే ఉంది. మా నేలకింద ఉన్నవి పాతకాలపు గ్రానైటు, నైసు రాళ్ళు. వాటిలో ఫ్లోరైడు ఉండే ఖనిజాలున్నాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. భూమిలో ఇంకిన కాసిని నీళ్ళూ ఏళ్ళ తరబడి ఆ రాళ్ళను ఒరుసుకొంటూ ఉంటాయి. నీళ్ళలో క్షారగుణం హెచ్చి, సున్నపు అంశం తగ్గినకొద్దీ ఫ్లోరైడు ఎక్కువగా కరుగుతుంది. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము ఉంటే మేలు, వేరే గతి లేకపోతే 1.5 దాకా ఫరవాలేదు అని మన దేశపు ప్రమాణం. మా వైపు ఎన్నో బావులు, బోరింగులు ఆ గీత దాటినవే. పైగా అవి చూడడానికి తేటగా ఉంటాయి, కంపు కొట్టవు. "నీళ్ళు అద్దంలా ఉంటే విషమేందయ్యా?" అని అడిగే ముసలమ్మకు జవాబు చెప్పడం చాలా కష్టం.

ఫ్లోరైడు ఎముకలో చేరి, అక్కడి కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాల్లోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఎముకను కట్టే కణాలను అదేపనిగా ఉసికొల్పుతుంది. ఫలితంగా ఎముక దళసరెక్కుతుంది గాని గట్టిపడదు. కీళ్ళను పట్టి ఉంచే బంధనాలు కూడా సున్నం పట్టి బిగుసుకుపోతాయి. వెన్నెముక వెదురుబొంగులా ఒకటే కడ్డీ అవుతుంది. పెరిగే వయస్సులో ఉన్న పిల్లలకైతే కాళ్ళు వంకరపోతాయి. ఇదీ బయటి దారి.

ఇక లోపలి దారి. ఎముక అంటే ప్రాణంలేని సున్నపు కర్ర అనుకొంటాం. తల్లి కడుపులో ఆరేడు వారాల పిండానికి అసలు ఎముకలే ఉండవు. చేతులూ కాళ్ళూ రావలసిన చోట మృదులాస్థితో ఒక మెత్తని నమూనా తయారవుతుంది. విగ్రహం పోతపోసేవాడు ముందు మైనంతో బొమ్మ చేసుకొన్నట్లన్నమాట. తరవాత ఆ మృదులాస్థిని తొలగించుకొంటూ ఎముక దాని స్థానంలోకి వస్తుంది. పొడవాటి ఎముకల కొసల దగ్గర మాత్రం పలచని మృదులాస్థి పలక ఒకటి మిగిలిపోతుంది. దాన్ని వృద్ధి ఫలకం అంటారు. మనం పొడవు పెరిగేదంతా అక్కడే. యౌవనం పూర్తయ్యేసరికి అది మూసుకుపోతుంది.

కీళ్ళ సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. వేలిలోని ఎముకలు విడివిడిగా పుట్టి తరవాత కలుసుకొంటాయని అనుకొంటాం. అలా కాదు. మొదట ఉండేది ఒకే కడ్డీ. కణుపు రావలసిన చోట కొన్ని కణాలు మృదులాస్థిగా ఉండడం మానుకొని పలచని పొరగా మారతాయి. అక్కడ చీలిక ఏర్పడి కీలు అవుతుంది. "ఇక్కడ చీల్చు" అని గుర్తుపెట్టే జన్యువుల్లో జి.డి.ఎఫ్.-5 ఒకటి. అది పాడైతే వేళ్ళు పొట్టివవుతాయి. నాగిన్ అనే మాంసకృత్తు ఎముక కట్టుబడికి హద్దు గీస్తుంది. అది తక్కువైతే కొన్ని కణుపులు అసలు ఏర్పడవు, వేలు ముడవడానికి రాదు.

జన్యువు అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి వాక్యం. అందులో అక్షరం మారడాన్నే మన పాఠ్యపుస్తకాలు ఉత్పరివర్తనం అంటున్నాయి. అన్ని అక్షరదోషాలూ అర్థాన్ని చెరపవు. కొన్నిటివల్ల మాత్రం అర్థం తలకిందులవుతుంది. ఎఫ్.జి.ఎఫ్.ఆర్.-3 అనే జన్యువు వృద్ధి ఫలకానికి బ్రేకు లాంటిది. అందులో ఒక్క అక్షరం మారి, మాంసకృత్తులో 380వ స్థానంలో గ్లైసిన్ ఉండవలసిన చోట ఆర్జినిన్ వస్తే ఆ బ్రేకు పట్టేసి ఊడదు. ఆ బిడ్డ చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉండిపోతాయి. ఈ రహస్యం 1994లో బయటపడింది. ఇలాంటి పిల్లల్లో నూటికి ఎనభైమందికి పైగా మామూలు పొడుగున్న తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ ఉత్పరివర్తనం వంశంలో లేదు, ఆ బిడ్డతోనే కొత్తగా మొదలైంది. కాని మన పల్లెలో అలాంటి బిడ్డను కన్న తల్లిని ఎన్ని మాటలంటారో మీకు తెలియనిది కాదు!

అలాగే ఎముకకు నారలాగా పనికివచ్చే కొల్లాజెన్ జన్యువులో తప్పు పడితే చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. ఏ.సి.వి.ఆర్.-1 అనే జన్యువులోని ఒక మార్పువల్ల కండరాలూ బంధనాలే ఎముకగా మారిపోతాయని 2006లో కనుక్కొన్నారు. బంధనాలు బిగుసుకుపోవడమంటే ఫ్లోరైడే గుర్తుకు వచ్చే మావాళ్ళు అటువంటి మనిషిని చూస్తే క్షణం ఆలోచించకుండా నీళ్ళ జబ్బు అనేస్తారు. జన్యుకారణంగా వచ్చే ఎముకల రుగ్మతలు 771 ఉన్నాయనీ, వాటి వెనుక 552 జన్యువులున్నాయనీ 2023లో అంతర్జాతీయ నిపుణులు జాబితా కట్టారు. ఒక్కొక్కటి అరుదే. అన్నీ కలిపితే అంత అరుదు కాదు.

ఈ రెండు దారులనూ వేరుచేసి చూడటంలో మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు గొప్ప పాత్ర ఉంది. ఆ సంస్థలో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి అనే శాస్త్రజ్ఞుడుండేవారు. నల్లగొండ జిల్లా పల్లెల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకొనే పిల్లలను ఆయన, కమలా కృష్ణస్వామి కలిసి పరిశీలించి, 1973లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఫ్లోరైడు ఉన్న నీళ్ళు తాగే చోట పెద్దవాళ్ళ ఎముకలు దళసరి కావడం అప్పటికే తెలుసు. ఇక్కడ పిల్లల కాళ్ళ ఎముకలు అందుకు విరుద్ధంగా పలచబడి, గుల్లబారి వంగిపోతున్నాయని వారు చూపారు. కాల్షియం చాలని తిండి తినే పేదపిల్లలకే ఈ బాధ ఎక్కువని తరవాతి పరిశోధనలు చెప్పాయి. అది వంశదోషం కాదు, నీళ్ళూ తిండీ కలిసి చేసిన పని.

రెండేళ్ళు తిరక్కుండానే 1974-75 ప్రాంతంలో కర్ణాటకలోని సాగర దగ్గర హందిగోడు అనే ఊళ్ళో ఇంకో వింత జబ్బు బయటపడింది. తుంటి, మోకాలు కీళ్ళు అరిగిపోయి మనుషులు పాకే స్థితికి వచ్చారు. బాధితులు పేద దళిత కుటుంబాలవాళ్ళు. వరిపొలాల్లో పురుగులమందు చల్లిన తరవాత అక్కడి పీతలను తిన్నందువల్ల ఇది వచ్చిందని జనం నమ్మారు. పోషకాహార సంస్థనుంచి భట్, మన కృష్ణమాచారి వెళ్ళి పరిశోధించారు. ఒకే నీళ్ళు తాగే, ఒకే పొలాల్లో పనిచేసే పక్క కుటుంబాలకు ఈ జబ్బు లేదు. ఉన్న కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. దానికి వారు మల్నాడు కుటుంబ కీళ్ళవ్యాధి అనే అర్థం వచ్చే పేరు పెట్టి 1977లో ప్రచురించారు. అది వృద్ధి ఫలకాన్నీ వెన్నుపూసలనూ దెబ్బతీసే వంశపారంపర్య రుగ్మత అని తరవాతి ఎక్స్‌రే పరిశీలనలు స్థిరపరిచాయి.

చూడండి! ఒకే శాస్త్రజ్ఞుడు నల్లగొండలో నీటివైపు వేలు చూపాడు, హందిగోడులో నెత్తురువైపు చూపాడు. ముందే జవాబు జేబులో పెట్టుకొని వెళ్ళినవాడు ఈ రెండు పనులూ చెయ్యలేడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. మా పిన్ని తన మేనమామ కొడుకునే చేసుకొంది. కాపురం ఒంగోలులో. వాళ్ళకు ఒక కొడుకు, ఒక కూతురు. పిల్లవాడికి ఐదో ఏడు వచ్చేసరికి వేళ్ళ కణుపులు లావెక్కడం మొదలుపెట్టాయి. తొమ్మిదో ఏట బడిలో పలకా బలపం బదులు కలం పట్టుకోవడమే కష్టమైంది. నడక బాతు నడకలా అయింది. సెలవుల్లో మా ఊరు వస్తే చూసినవాళ్ళంతా ఒకటే మాట.

"ఇంకేముందమ్మా, కనిగిరి నీళ్ళు పట్టుకొన్నయ్."

పిన్ని అప్పట్నుంచి పిల్లవాణ్ణి అమ్మమ్మ ఊరికి తీసుకురావడమే మానుకొంది. ఒక వైద్యుడు కీళ్ళవాతమని చెప్పి ఏళ్ళ తరబడి మందులిచ్చాడు. మొహం ఉబ్బింది గాని వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. చివరకు నగరంలో ఒక జన్యువైద్యురాలి దగ్గరకు వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఆమె ముందు వేళ్ళు చూడలేదు. "నోరు తెరువు నాన్నా" అన్నది. పళ్ళు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. చిన్నతనంలో ఫ్లోరైడు నీళ్ళు ఎక్కువగా తాగిన పిల్లవాడి పళ్ళు అలా ఉండవు. తరవాత కణుపులు నొక్కి చూసింది. వాపు ఉంది గాని వేడిలేదు, ఎరుపులేదు. నెత్తుటి పరీక్షలో వాపుజబ్బు జాడలేదు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు అణిగి బల్లపరుపుగా ఉన్నాయి. జన్యుపరీక్షలో సి.సి.ఎన్.-6 అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే అక్షరదోషం కనిపించింది.

ఈ జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 1999లో తెలిసింది. కీళ్ళ చివర ఉండే మృదులాస్థిని నిలబెట్టుకోవడానికి ఆ మాంసకృత్తు కావాలి. అది లేకపోతే పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటాడు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య మృదులాస్థి అరగడం మొదలవుతుంది. చూడటానికి కీళ్ళవాతంలా ఉంటుంది గాని అది వాతం కాదు. అందుకనే దాని పేరులోనే వాతంలాంటిది అని ఉంది. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ముద్రలు, నిర్ధారణల కేంద్రం శాస్త్రజ్ఞులు, ఇతర సంస్థలవారితో కలిసి ఇలాంటి భారతీయ కుటుంబాలను పరిశీలించి 2012లో వివరాలు ప్రచురించారు. అంటే మావాడు ఒంటరి కాదు.

వైద్యురాలు మందు లేదని దాచకుండా చెప్పింది. కాని పనికిరాని మందులు ఆపించింది. వ్యాయామం నేర్పించింది. పెద్దయ్యాక అవసరమైతే తుంటికీలు మార్చుకోవచ్చని చెప్పింది. పిన్ని బయటికి వచ్చి బెంచీమీద కూర్చొని చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి "అయితే నీళ్ళు కాదన్నమాట. మావల్లేనన్నమాట" అంది.

ఆ మాటకు జవాబు నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. వైద్యురాలే బయటికి వచ్చి చెప్పింది. "చూడమ్మా, మనలో ప్రతివాడి దగ్గరా ఇలాంటి అక్షరదోషాలు కొన్ని ఉంటాయి. నా దగ్గరా ఉన్నాయి. రెండో ప్రతి బాగుంటే అవి బయటపడవు. మీ ఇద్దరికీ ఒకే ముత్తాత ఆస్తి వచ్చినట్లు ఒకే దోషం వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

అసలు పరీక్ష తరవాత వచ్చింది. పిల్లవాడి అక్కకు సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. తమ్ముడి చేతులు చూసి రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. "వంశంలో ఏదో ఉంది" అన్నారు. అప్పుడు మా మేనమామ లేచి, "ఎవడో వచ్చి మనపిల్లను చేసుకోకపోతే ఏంది? నా కొడుకు లేడా? నా అక్క కూతురు నా ఇంటికొస్తది" అన్నాడు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకొంది.

కాని లెక్క వేరేగా ఉంది. జబ్బు లేని ఆ అమ్మాయి ఆ దోషాన్ని ఒక ప్రతిలో మోసే అవకాశం మూడింట రెండు. మా మేనమామకు సగం, ఆయన కొడుక్కు నాలుగింట ఒకటి. ఇద్దరూ మోసేవాళ్ళే అయ్యే అవకాశం ఆరింట ఒకటి. అలా అయితే పుట్టే ప్రతిబిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు. మొత్తంమీద ఇరవై నాలుగింట ఒకటి. బయటి సంబంధమైతే ఈ భయం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. అంటే లోకులు ఏ భయంతో ఆ పిల్లను కాదన్నారో, ఆ భయం వాళ్ళ ఇళ్ళకు దాదాపు వర్తించదు. ప్రేమతో పిలిచిన ఇంటికే ఎక్కువగా వర్తిస్తుంది! ఈ లెక్కలో నేను కూడా ఉన్నాను. మా అమ్మ పిన్నికి తోడబుట్టింది గనుక నాకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది.

నేను కాగితంమీద బొమ్మ గీసి మామయ్యకు చూపించాను. ఆయన చాలాసేపు దాన్ని చూసి, "నువ్వు చెప్పేది నాకు సగమే అర్థమైంది అబ్బాయ్. పరీక్ష చేయిస్తే తెలుస్తదా, తెలవదా?" అని అడిగాడు. తెలుస్తుందన్నాను. "అయితే చేయించు" అన్నాడు. బావా మరదళ్ళిద్దరూ నెత్తురు ఇచ్చారు. ఇద్దరూ మోసేవాళ్ళే. పెళ్ళిమాట ఆగింది. ఒకరినొకరు అనుకోలేదు, పండక్కి రాకపోకలు మానుకోలేదు. ఏడాదిన్నర తరవాత ఆ అమ్మాయికి గోదావరి జిల్లానుంచి సంబంధం వచ్చింది. పిన్ని పట్టుబట్టి తమ్ముడి కాగితాలన్నీ పెళ్ళిచూపులనాడే వాళ్ళ ముందు పెట్టింది. పెళ్ళికొడుకు తల్లి అంతా విని, "అదంతా మాకు డాక్టరుగారు చెబుతారులెండి. మీ ఊళ్ళో తాగే నీళ్ళు మంచివేనా?" అని అడిగింది! మా వాళ్ళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్ళి మాత్రం అయింది.

మేనరికం తప్పనీ, మన పెద్దలకు తెలివిలేదనీ చెప్పడం నా ఉద్దేశం కాదు. మేనరికాల్లో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యవంతులే. భూమి చెదిరిపోకుండా, ఆడపిల్ల పరాయి ఇంట్లో పడకుండా వాళ్ళు ఆ ఏర్పాటు చేసుకొన్నారు. కాని దానికొక ధర ఉంది. 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్‌కు మన ఆంధ్రుల మేనరికాలంటే గొప్ప ఆసక్తి. ఆయన శిష్యుడు, తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణ, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి పెళ్ళిళ్ళమీద చేసిన పరిశీలన 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పత్రికలో వచ్చింది. మేనబావ మరదళ్ళకు పుట్టిన బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడినుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ మేనకోడళ్ళకైతే ఎనిమిదింట ఒకటి. కుటుంబంలో ఒక బిడ్డకు అలాంటి జబ్బు ఉందని తెలిసిన తరవాత మాత్రం మళ్ళీ మేనరికం చేసే ముందు పరీక్ష చేయించుకోవడమే పెద్దరికం.

ఇంతకూ నీరూ నెత్తురూ ఒకదానితో ఒకటి సంబంధంలేనివా? అలాగా అనుకోరాదు. మా ఊళ్ళో ఒకే బావి నీళ్ళు తాగిన అన్నదమ్ముల్లో ఒకడు వంగిపోయాడు, ఒకడు నిటారుగా ఉన్నాడు. 2002లో ఎలుకలమీద చేసిన ఒక ప్రయోగంలో ఇందుకు జవాబు దొరికింది. వేరు వేరు జాతుల చిట్టెలుకలకు ఒకే మోతాదు ఫ్లోరైడు ఇస్తే ఒక జాతి పళ్ళు బాగా చెడ్డాయి, ఇంకో జాతి పళ్ళు దాదాపు చెక్కుచెదరలేదు. అంటే ఫ్లోరైడును తట్టుకొనే శక్తిలో జన్యువులకు కూడా వాటా ఉందన్నమాట. మా మిరపరైతుకు ఇది చెప్పనక్కరలేదు. ఒకే చేలో, ఒకే నీటితో రెండు రకాల మిరప వేస్తే ఒకదానికి ముడత ఎక్కువ వస్తుంది, ఒకదానికి తక్కువ. విత్తనం తేడా అది. అలాగని ముడతకు విత్తనాన్నే తిట్టి పురుగును వదిలేస్తాడా? ఫ్లోరైడు సంగతీ అంతే. నెత్తురులో తేడా ఉందని చెప్పి, మంచినీళ్ళు ఇవ్వవలసిన బాధ్యతనుంచి ఎవరూ తప్పించుకోరాదు.

నీళ్ళకు దారులున్నాయి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగు పౌడరులతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనుక్కొని దానికి నల్లగొండ పేరే పెట్టారు. దూరంనుంచి నదినీళ్ళు తెచ్చుకోవడం అంతకన్నా మేలు. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం మా ప్రాంతం ఒక తరం పాటు ఎదురుచూసింది సాగుకోసమే కాదు, ఎముకలకోసం కూడా. జన్యువులవైపు కూడా చీకటి తొలగుతోంది. 2018లో, 2021లో రెండు జన్యుపరమైన ఎముకల రుగ్మతలకు, లోపలి కారణానికే గురిపెట్టిన మందులు విదేశాల్లో ఆమోదం పొందాయి. వాటి ఖరీదు మనబోటివాళ్ళకు అందేది కాదు. అయినా దారి ఉందని తెలిసింది. ఏ జబ్బో సరిగా తెలిస్తేనే ఆ దారి పట్టడం.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది పల్లెలనుంచి వచ్చినవాళ్ళే. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో వంకరకాళ్ళ పిల్లవాడో, వేళ్ళు ముడవలేని పిల్లో కనిపిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఊళ్ళో చాలామందికి ఉందా, ఒక్క ఇంట్లోనే ఉందా? పళ్ళమీద చారలున్నాయా? ఏ వయస్సులో మొదలైంది? తల్లిదండ్రులు దగ్గర బంధువులా? ఈ ప్రశ్నలకు డబ్బు ఖర్చులేదు. జవాబులు మాత్రం కాగితంమీద రాసి ఆ బిడ్డతోపాటు వైద్యుడి దగ్గరకు పంపండి. రసాయనశాస్త్రం చదివేవాళ్ళు మీ ఊరి బావినీళ్ళు ఒక సీసాలో పట్టుకొని రండి. మన ప్రయోగశాలలో ఫ్లోరైడు ఎంతో చూడటం పెద్ద పనికాదు. లెక్క తేలిన తరవాత ఆ బోరింగుమీద అందరికీ అర్థమయ్యేట్టు రాయించండి.

ఇంకొక్కమాట. నీళ్ళ జబ్బయినా, నెత్తుటి జబ్బయినా, ఆ బిడ్డకు కావలసినవి ముందుగా ఒక కుర్చీ, ఒక కలం, బడిలో చోటు. మావాడు ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లావుపాటి కలం ఇరికించుకొని బి.కాం. పరీక్షలు రాస్తున్నాడు. మొదటి ఏడాది అకౌంటెన్సీలో అతనికి వచ్చిన మార్కులు నాకు ఏనాడూ రాలేదు.